ఎవరూ పొయ్యకుండా ఆయిల్ పెరుగుతోందంటే ముందు బండి ఆపెయ్యండి

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది విశాఖ దగ్గర ఆనందపురం దాటాక లోపలికి. ఎకరంన్నరలో బంతి, చామంతి, కొంచెం కూరగాయలు వేస్తాం. నాన్నగారు ఉన్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మూడు సిలిండర్ల మినీ ట్రాక్టర్ ఉంది, 18 హెచ్‌పీ డీజిల్, పదిహేనేళ్ల పైమాటే. పొద్దున్న స్టార్ట్ చేస్తే బానే ఉంటుంది, ఓ ఇరవై నిమిషాలు రొటోవేటర్ తోలాక ఇంజన్లోంచి టకటకమని సౌండు మొదలవుతుంది, లోడు పడేకొద్దీ పెరుగుతుంది. ఒక మెకానిక్ ఇంజన్ పని మొత్తం చెయ్యాలి, 50 వేలు అన్నాడు. ఇంకో ఆయన చిక్కటి ఆయిల్ పోసేస్తే అదే పోతుంది అన్నాడు. ఆయిల్ మాత్రం అస్సలు తాగట్లేదు, పైగా గేజ్ పుల్ల మీద పై గీత కన్నా కొంచెం ఎక్కువే కనిపిస్తోంది, అంటే లోపల బాగున్నట్టే కదా? మావారు అమ్మేద్దాం అంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి టకటక దగ్గరే ఆగిపోయి అదై ఉంటుంది ఇదై ఉంటుంది అని నాలో నేనే లెక్కలేసుకున్నాను, రెండోసారి చదివితే అసలు సంగతి చివర్లో ఉంది. ఆయిల్ తాగట్లేదు, పైగా పెరిగింది అని మీరు మంచి వార్తలాగా రాశారు గానీ నాకది చదవగానే గుండె గుభేలుమంది. ఇంజన్లో ఆయిల్ కాలిపోవచ్చు, కారిపోవచ్చు, అంతే గానీ దానంతటది పెరగడానికి అదేమీ పాడిగేదె కాదు కదా. ఎవరూ పొయ్యకుండా పెరిగిందంటే అందులో ఇంకోటేదో కలుస్తోంది, మామూలుగా డీజిలైనా అయ్యుండాలి, నీళ్లైనా అయ్యుండాలి. ఆ సంగతి తేలేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు, పువ్వుల సీజనైనా సరే, రెండ్రోజులు ఎవరిదైనా అద్దెకి పెట్టుకోండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే డీజిల్ ఇంజన్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లో ఆయిల్ ఎక్కువైపోయి, అదీ డీజిల్ కలిసి పలచబడి ఉంటే, ఇంజన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ గొట్టంలోంచి గాలి దారిలోకి ఎక్కేసి ఇంజన్ ఆ ఆయిల్ మీదే పరిగెట్టడం మొదలెడుతుంది. అప్పుడు స్టాప్ లివర్ లాగినా ఆగదు, రేసు పెరుగుతూనే ఉంటుంది. ఒకవేళ ఎప్పుడైనా అలా అయితే గాలి లోపలికి పోయే మూతి మీద చెక్క ముక్కో మందపాటి రబ్బరు షీటో గట్టిగా అదిమితే ఊపిరందక ఆగుతుంది, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

సరే ఇప్పుడు ఏం కలుస్తోందో చూద్దాం, దీనికి మెకానిక్ అక్కర్లేదు. ముందు బండిని చదునైన చోట పెట్టండి, మడిలో ఏటవాలుగా నిలబెట్టి చూస్తే గేజ్ పుల్ల అబద్ధం చెప్తుంది. తోలే కుర్రాడు మీకు చెప్పకుండా ఆయిల్ పోస్తున్నాడేమో కూడా ఓసారి అడగండి, నవ్వకండి, యజమాని ఒకసారి డ్రైవరు ఒకసారి పోసేసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు. అది కాదని తేలితే పుల్ల తీసి వాసన చూడండి, డీజిల్ వాసన దాగదు. వేళ్ల మధ్య రాసి చూడండి, జిగురు లేకుండా జారిపోతుంటే అనుమానమే. పాత పేపరు మీద ఒక చుక్క ఈ ఆయిల్‌ది, పక్కనే ఒక చుక్క కొత్త ఆయిల్‌ది వేసి గంట వదిలెయ్యండి, మీ చుక్క చుట్టూ తేలికరంగు తడి వలయం బాగా వెడల్పుగా పాకితే డీజిల్ కలిసినట్టే అనుకోవచ్చు. నీళ్లయితే రంగే చెప్పేస్తుంది, పాలెక్కువైన టీ రంగులోకి మారుతుంది, రేడియేటర్లో నీళ్లు కూడా తగ్గుతుంటాయి. ఇంకా డౌటుంటే పనికిరాని పాత పెనం ఒకటి బాగా వేడి చేసి, పొయ్యి మీంచి దించి మంటకి దూరంగా తెచ్చాక ఒక్క చుక్క వెయ్యండి, చిటపటమంటే నీళ్లున్నాయి. వంటింట్లో పెనం వద్దు, మళ్లీ ఇంట్లో గొడవ నా మీదకొస్తుంది.

మీ లక్షణాలు చూస్తుంటే నా పందెం డీజిల్ మీద. ఎందుకంటే పిస్టన్లు తిప్పే లావాటి ఇరుసే క్రాంక్, బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండే సందు వెంట్రుక మందమంత కూడా ఉండదు, ఇనుము ఇనుముని తాకకుండా ఆ సందులో ఆయిల్ పొరే మోస్తూ ఉంటుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు డీజిల్ కలిసినా సరే ఆయిల్ కాస్త చిక్కగానే ఉంటుంది కాబట్టి సౌండు రాదు. ఇరవై నిమిషాలకి వేడెక్కి గంజిలో నీళ్లు పోసినట్టు పలచబడిపోతుంది, దానికి తోడు రొటోవేటర్ లోడు పడుతుంది, ఆ పొర తట్టుకోలేదు, అప్పుడు టకటక మొదలు. చల్లగా ఉన్నప్పుడు లేకుండా వేడి మీద వచ్చే సౌండుకీ, స్టార్టింగులో వచ్చి వేడెక్కగానే పోయే సౌండుకీ చాలా తేడా ఉందమ్మా. రెండోది పాత ఇంజన్లలో పిస్టన్ కొంచెం ఊగడం, వయసు మీద పడ్డవాళ్లకి పొద్దున్న లేవగానే మోకాళ్లు పట్టేసినట్టు, దాంతో ఏళ్లు లాగించొచ్చు. మీది మొదటి రకం, దాన్ని లాగించకూడదు.

ఇక ఆ చిక్కటి ఆయిల్ సలహా. పోస్తే సౌండు నిజంగానే తగ్గుతుంది, అందుకే అది ప్రమాదం. ఇంటి కప్పు కారుతుంటే కింద దళసరి దుప్పటి పరిచినట్టు. డీజిల్ పడటం ఆగదు, వారానికి ఆ చిక్కటిదీ పలచబడుతుంది, ఈలోపు బేరింగులు అరిగిపోతాయి, అప్పుడు ఆ 50 వేల మెకానిక్ చెప్పిందే నిజమైపోతుంది.

డీజిల్ ఎక్కణ్ణించి దిగుతోందో పట్టుకోవాలి. ఇంజన్ పక్కన, ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంప్ ఉండే మోడల్ అయితే దాని డయాఫ్రమ్ చిరిగినా, షాఫ్ట్ సీలు పోయినా డీజిల్ నేరుగా చాంబర్లోకి దిగుతుంది. లేదా ఎఫ్ఐపీ, అదే నాజిళ్లకి కొట్టే డీజిల్ పంపు, దాని లోపల అరిగిపోయి కారొచ్చు. లేదంటే ఒక నాజిల్ సన్నగా తుంపర కొట్టాల్సింది పోయి చుక్కలు చుక్కలుగా కారుస్తుంటే, కాలని డీజిల్ పిస్టన్ ఆడే లైనర్ గోడ వెంబడి రింగులు దాటి కిందకి పోతుంది. మూడిట్లో ఏదో కొంతవరకు ఇంట్లోనే తేలుతుంది. సాయంత్రం గేజ్ పుల్ల మీద ఆయిల్ ఎంతవరకుందో అక్కడ దారం కట్టండి, డీజిల్ ట్యాంకు కింద టాప్, అదే కుళాయి, తెరిచే ఉంచి రాత్రంతా వదిలెయ్యండి, స్టార్ట్ చెయ్యొద్దు. పొద్దున్నకి దారం దాటిందంటే ఇంజన్ నిలబడి ఉండగానే ట్యాంకు బరువుకి కారుతోందన్నమాట, అప్పుడు ఫీడ్ పంపో డీజిల్ పంపో. మర్నాడు రాత్రి టాప్ మూసేసి చూడండి, పెరగకపోతే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. రెండు రాత్రులూ చుక్క కూడా పెరగకపోతే నడిచేటప్పుడు మాత్రమే దిగుతోంది, అప్పుడు ముందు నాజిళ్లు చూపించాలి, అక్కడ ఏమీ లేకపోతే మళ్లీ పంపుల దగ్గరికి రావాలి. నాజిల్ ప్రెషర్ టెస్టింగ్, డీజిల్ పంపు పని చేసే షాపులు మన గాజువాక ఆటోనగర్ వైపు దొరుకుతాయి, మీకు దూరమే గానీ నాజిళ్లు మూడూ విప్పి సంచిలో వేసుకుని బస్సులో తీసుకెళ్లిపోవచ్చు, ట్రాక్టర్ అక్కడిదాకా తోలక్కర్లేదు. టెస్టింగ్ మీ కళ్లెదురుగా చెయ్యమనండి, తుంపర మంచులా వస్తోందా, కొట్టాక మూతి దగ్గర చుక్క వేలాడుతోందా అని మీరే చూడొచ్చు, చుక్క వేలాడితే ఆ నాజిల్ పోయినట్టే. ఇంకో మాట, సముద్రం గాలి తగిలే ఊళ్లలో నట్లు తుప్పుకి కరుచుకుపోయి ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ స్ప్రే కొట్టి ఉంచితే పైపులు మెలితిరిగిపోకుండా వస్తాయి.

కారడం ఆపాక పాత ఆయిల్ దింపెయ్యండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపితే అడుగున ఉన్న చెత్తంతా వస్తుంది అంటాం గానీ మీ బండి స్టార్ట్ చెయ్యొద్దన్నాను కాబట్టి చల్లగానే దింపి ఓ గంట అలా కారనివ్వండి. పాత ఫిల్టర్ పారెయ్యకండి, కోయించి లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. రాగి రంగు తళుకులు గానీ, అయస్కాంతానికి అంటుకోని వెండిరంగు పొట్టు గానీ కనిపిస్తే బేరింగు అప్పటికే పోతోంది, ఇంక సెల్ఫ్ కొట్టొద్దు. అలాంటివేం లేకపోతే కొత్త ఫిల్టర్ వేసి మాన్యువల్లో రాసిన గ్రేడే పొయ్యండి, ఈ సైజు డీజిల్ ఇంజన్లకి మామూలుగా 15డబ్ల్యూ-40 రాసి ఉంటుంది, పై గీత దాటకుండా. దింపిన ఆయిల్ మాత్రం గట్టు మీద పోసెయ్యకండి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చెయ్యండి.

ఇప్పుడు స్టార్ట్ చేసి లోడు లేకుండా వేడెక్కనిచ్చి వినండి. సౌండు పోతే సగం గండం గడిచినట్టే. పోకపోతే అప్పుడు కూడా వెంటనే ఇంజన్ విప్పించకండి, ఎందుకంటే ఇంజన్ బయట ఉండే వస్తువులు చాలా ఇంజన్ లోపలి సౌండుని అచ్చం నటిస్తాయి.

ఇది నా తప్పు కథ, సిగ్గు పడుతూనే చెప్తాను. పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో కొత్తవలస నుంచి ఒక రైతు ఇలాంటి చిన్న ట్రాక్టరే తెచ్చాడు, డబ్ డబ్ మని లోతుగా కొడుతోంది, ఒక్క క్షణం విని క్రాంక్ దగ్గర ఉండే బిగెండ్ బేరింగ్ పోయింది అని తేల్చేశాను. మొత్తం విప్పి, క్రాంక్ గ్రైండింగ్‌కి పంపి, కొత్త బేరింగులు వేసి, పది రోజుల తర్వాత స్టార్ట్ చేస్తే మళ్లీ అదే డబ్ డబ్. మా గురువుగారు వచ్చి ఏం మాట్లాడకుండా ఇంజన్ ముందున్న క్రాంక్ పుల్లీ పట్టుకుని అటూ ఇటూ కదిపారు, కదిలింది. బోల్టు లూజై, పుల్లీ జారకుండా పట్టే లోపలి కీ అరిగిపోయి పుల్లీ కొట్టుకుంటోంది. నేను విప్పినప్పుడు విప్పి, బిగించినప్పుడు మళ్లీ అలాగే బిగించేశాను, చూసుకోలేదు. "ఏట్రా, ఇంటికి దొంగొచ్చాడని పునాదులు తవ్వీసేవా, తలుపు గొళ్లెం చూడొద్దా" అన్నారు. ఆ రైతు దగ్గర కూలీ తీసుకోలేదు గానీ గ్రైండింగ్ డబ్బులు ఆయనవి పోయినట్టేగా.

అందుకని ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ముందు పుల్లీ కదిపి చూడండి. తర్వాత ఫ్యాన్ బెల్టు తీసేసి స్టార్ట్ చేసి అర నిమిషం వినండి, నిమిషం దాటనివ్వొద్దు, నీళ్లు తిరగవు. సౌండు పోయిందా, అయితే దోషం డైనమోదో నీళ్లు తిప్పే వాటర్ బాడీదో ఫ్యాన్‌దో, అవి గరగరమనో కీచుమనో అంటాయి గానీ ఒక్కోసారి టకటక కూడా అంటాయి. బెల్టు మళ్లీ వేసి, న్యూట్రల్లో ఉంచి క్లచ్ తొక్కి వినండి. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్, తొక్కగానే పోతే గేరుబాక్సు వైపు. రొటోవేటర్‌ని తిప్పే పీటీఓ తీసేస్తే పోయిందంటే ఇంజన్ పాపం ఏమీ చెయ్యలేదు, రొటోవేటర్ షాఫ్ట్ క్రాస్ బేరింగులు గ్రీజు లేక ఏడుస్తున్నాయి. మీరు సౌండు రొటోవేటర్ తోలేటప్పుడే విన్నారు కాబట్టి ఇది మాత్రం మర్చిపోకండి. సైలెన్సర్ మొదట్లో మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయినా టిక్కుటిక్కుమంటుంది, అక్కడ నల్లగా మసి మరక ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది. జీడితోటల్లో తిరిగే బండి ఒకటి బానెట్టు కింద గలగలమంటోందని తెస్తే ఫ్యాన్ రేకు వెనకాల ఎలుకలు దాచుకున్న జీడిపిక్కలు గుప్పెడు దొరికాయి, మీకు జీడిమామిడి లేదు గానీ ఎలుకలు ఉంటాయిగా, చూడండి.

బయటివన్నీ సరిగ్గా ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని పిడి చెవి దగ్గర ఎముకకి ఆనించి, మొన ఇంజన్ మీద ఒక్కో చోట పెట్టి వినండి, జడ ముడేసుకుని, చున్నీ గానీ పైట గానీ గట్టిగా దోపుకుని, ఫ్యాన్ దగ్గరికి పోకుండా. పైన వాల్వు మూత మీద సన్నగా టిక్కుటిక్కు గట్టిగా వినిపిస్తే వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ క్రాంక్ తిరిగే వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి ట్యాపెట్ సౌండు తాపీగా ఉంటుంది, 900 ఆర్‌పీఎం ఐడిల్లో ఒక్కో వాల్వు సెకనుకి ఏడెనిమిది సార్లే కొడుతుంది. ట్యాపెట్ సెట్టింగ్ చల్లని ఇంజన్ మీద ఫీలర్ గేజ్‌తో చేస్తారు, ఇలాంటి చిన్న డీజిళ్లలో ఎక్కువగా 0.20, 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ మాన్యువల్ అంకె ఏదైతే అదే ఫైనల్. మెకానిక్ గేజ్ లేకుండా చేతి లెక్కన తిప్పేస్తుంటే ఆపండి. కింద చాంబర్ వైపు, బ్లాకు మధ్యలో బరువుగా డబ్ డబ్ మంటూ, రేసు వదిలే క్షణంలో ఇంకా గలగలమంటుంటే అదీ భయపడాల్సిన సౌండు.

ఏ సిలిండర్‌దో తెలియాలంటే నాజిల్ దగ్గర హై ప్రెషర్ పైపు నట్టు ఒక్కొక్కటీ కొంచెం లూజు చేసి, ఆ సిలిండర్ పని ఆపి వింటారు. ఇది మీరు చెయ్యకండి, మెకానిక్ చేత చేయించండి, అతను కూడా ఐడిల్లోనే, గ్లౌజులేసుకుని, నట్టు చుట్టూ గుడ్డ కట్టి చెయ్యాలి. ఆ డీజిల్ చదరపు సెంటీమీటరుకి 100 కేజీల పైన ప్రెషర్‌తో వస్తుంది, సన్న ధార చర్మానికి తగిలితే సూది గుచ్చినట్టే ఉంటుంది గానీ లోపలికి దూరిపోయి చెయ్యి తీసేసేదాకా తెస్తుంది, తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే కేజీహెచ్‌కో ఆపరేషన్ చెయ్యగలిగే ఇంకో పెద్దాసుపత్రికో పోవాలి. ఇక్కడ చాలామంది మెకానిక్కులు ఒక తప్పు చేస్తారు, రెండో సిలిండర్ ఆపితే సౌండు పోయింది కాబట్టి రెండో బేరింగ్ పోయింది అనేస్తారు. కాదు, నాజిల్ పాడై కొట్టుకుంటున్నా పోతుంది, బేరింగ్ కొట్టుకుంటున్నా తగ్గుతుంది, ఎందుకంటే రెండింటికీ ఆ సిలిండర్లో డీజిల్ కాలడమే కారణం. ఒకటో సిలిండర్ నాజిల్ రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి వెయ్యమనండి. సౌండు నాజిల్‌తో పాటు జరిగితే నాజిలే, అక్కడే ఉండిపోతే అప్పుడు పిస్టనో బేరింగో. గంటన్నర పని, 50 వేలు నిలబెట్టొచ్చు.

అదీ అయ్యాక చివరిగా ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ కన్నంలో మామూలు ప్రెషర్ గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్లో ఎంత, రేసు మీద ఎంత చూసి మాన్యువల్‌తో పోల్చమనండి. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటుని నమ్ముకోకండి, ప్రెషర్ బాగా పడిపోయాక గానీ అది వెలగదు, పాత బండ్లలో చాలావాటికి బల్బే ఉండదు. కొత్త ఆయిల్‌తో, కారడం ఆగిపోయాక కూడా వేడి మీద ప్రెషర్ తక్కువుండి, కింద డబ్ డబ్ ఉంటే, ఇంక బేరింగులు తియ్యాల్సిందే. అప్పుడు కూడా మొత్తం ఇంజన్ పని అనకుండా ముందు చాంబర్ దింపి బిగెండ్లు చూడమనండి, కొన్ని మోడళ్లలో చాంబర్ దిగాలంటే ముందు యాక్సిల్ విప్పాలి, ఆ కూలీ న్యాయమే. క్రాంక్ మైక్రోమీటర్‌తో కొలిచి అంకె కాగితం మీద రాసివ్వమనండి. అరుగుదల లేకపోతే అదే సైజు బేరింగులు సరిపోతాయి, గీతలు పడి ఉంటేనే గ్రైండింగ్ చేసి, సన్నబడ్డ క్రాంక్‌కి సరిపడే 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజువి వెయ్యాలి. పొగ లేకుండా, ఆయిల్ తాగకుండా ఉన్న ఇంజన్‌కి లైనర్లు పిస్టన్లు కూడా మార్చేద్దాం అంటే ఎందుకని గట్టిగా అడగండి. మీ ఇంజన్ ఆయిల్ తాగుతోందో లేదో మాత్రం మనకింకా తెలీదు, డీజిల్ కలిసి లెవెల్ని కప్పేసింది కదా, కొత్త ఆయిల్ పోశాక ఒక ఇరవై గంటల పని చూస్తే గానీ తేలదు.

మీవారికి చెప్పండి, అమ్మాలన్నా ఈ టకటకతో అమ్మితే తుక్కు రేటే వస్తుంది, కారడం ఆపి అమ్మినా లాభమే, ఉంచుకున్నా లాభమే. ముందు దారం కట్టండి. టాప్ తెరిచిన రాత్రి పెరిగిందా, అసలు పెరగనే లేదా, ఫిల్టర్ మడతల్లో ఏం కనిపించింది, ఆ రెండూ మళ్లీ రాయండి, బండి మోడల్, ఫీడ్ పంప్ ఎక్కడుందో కూడా రాస్తే ఇంకా బేగి తేల్చేద్దాం.